నరాల మాత్ర, నిద్రమాత్ర, డిప్రెషన్ మాత్ర: పెద్దవాళ్ల చార్టులో ఏమని రాస్తున్నాం?

రాత్రిడ్యూటీ (టెక్సాస్)

అందరికీ నమస్కారం. నేను చెప్పబోయే నర్సింగ్ హోమ్ మన ఊళ్లో కాన్పులు, అపెండిసైటిస్ ఆపరేషన్లు చేసే నర్సింగ్ హోమ్ కాదు. పక్షవాతం వచ్చినవాళ్లు, మతిమరపు ముదిరినవాళ్లు, ఇంట్లో చూసుకోలేని పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఉండే అమెరికా నర్సింగ్ హోమ్. గుంటూరులో నర్సింగ్ చదివి ఇక్కడికొచ్చాను. చాలాకాలం రాత్రి డ్యూటీలు చేసి, ఇప్పుడు ఎండీఎస్ కోఆర్డినేటర్‌గా పగటి పనిలో పడ్డాను. కనీసం మూడు నెలలకోసారి ఒక్కొక్కరి గురించి ప్రభుత్వానికి పంపే పెద్ద ఫారం (దాని పేరే ఎండీఎస్) నింపడం నా పని.

విషయం ఏమిటంటే, మొన్న ఇన్‌స్పెక్షన్ జరిగింది. వచ్చినావిడ ఒక పెద్దాయన ఫైలు తీసింది. ఆర్డరు ఇలా ఉంది: ట్రాజొడోన్ 50 మిల్లీగ్రాములు, రాత్రి పడుకునే ముందు, కారణం డిప్రెషన్. ఆవిడ అడిగింది ఒకటే. "ఈయనకు డిప్రెషన్ అని ఎవరు, ఎప్పుడు చెప్పారు?"

ఫైలంతా వెనక్కి తిప్పాను. మూడేళ్ల కిందట ఆసుపత్రి నుంచి వస్తూ వస్తూ ఆ మాత్రతోనే వచ్చారు. డిశ్చార్జి కాగితంలో "నిద్ర పట్టడం లేదు" అని ఉంది. మా ఇంటర్వ్యూల్లో డిప్రెషన్ స్కోరు 27కి ఎప్పుడూ 2 దాటలేదు. కంప్యూటర్లో ఆర్డరు ఎక్కించేటప్పుడు కారణం గడి ఖాళీగా వదిలితే ముందుకు పోదు. ఎవరో లిస్టులోంచి "డిప్రెషన్" ఎంచుకుని పని కానిచ్చేశారు. ఆ ఒక్క క్లిక్ మూడేళ్లు ఆయన మెడలో జబ్బు పేరై వేలాడింది.

ఇలాంటివి మా దగ్గర ఇదొక్కటే కాదని నాకు తెలుసు. మా హాల్లో ఇంచుమించు సగం మంది ట్రాజొడోన్ లాంటి డిప్రెషన్ కోవ మందుల మీదే ఉన్నారు. మీ దగ్గర దీన్ని ఎలా రాస్తున్నారు? మన దేశంలో వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్లు కూడా చెప్పండి.

మందులమాస్టారు (న్యూజెర్సీ)

ఫార్మసిస్టుని, ఇలాంటి హోములకు నెలనెలా మందుల రివ్యూ చేస్తాను. ముందు ఫారం సంగతి. 2023 అక్టోబరు నుంచి ఎన్0415 అనే గడిలో రెండు వరుసలున్నాయి. మొదటిది, గత ఏడు రోజుల్లో ఆ తరగతి మందు వాడారా. రెండోది, దానికి కారణం రాసి ఉందా. అంతకుముందు ఎన్ని రోజులు వాడారో మాత్రమే లెక్క. "ఎందుకు" అన్న ప్రశ్న ఆ గడిలోకి వచ్చింది అప్పుడే.

చాలామంది తప్పుచేసే చోటు ఇది. మొదటి వరుసలో మందు ఏ జాతిదో చూడాలి, దేనికి వాడుతున్నామో కాదు. ట్రాజొడోన్ నిద్రకిచ్చినా యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్ మందు) గడిలోనే టిక్. మిర్టజపిన్ ఆకలికిచ్చినా అక్కడే. డ్యులాక్సిటిన్ షుగరు వల్ల కాళ్లు మండుతున్నాయని ఇచ్చినా అక్కడే. రెండో వరుసలో మాత్రం నిజమైన కారణం ఉండాలి. నిద్ర అయితే నిద్ర అనే రాయండి. నొప్పి అయితే నొప్పి. మందు పేరు చూసి జబ్బు పేరు కుట్టేయొద్దు.

ఒకే మనిషికి ఈ తరగతివి రెండు మందులుండి, ఒకదానికి కారణం ఉండి రెండోదానికి లేకపోతే రెండో వరుసలో టిక్ పెట్టకూడదు. ఆ తరగతిలో అన్నిటికీ కారణం ఉంటేనే పెట్టాలి.

గోదారిగాలి (ఒహాయో)

మాస్టారూ, చెప్పడానికి బాగానే ఉంది. డాక్టరుగారు పదిహేను రోజులకోసారి వచ్చి గంటలో ముప్పై మందిని చూసి వెళ్తారు. "డిప్రెషన్" అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. "నిద్రలేమి" అని రాస్తే ఇన్సూరెన్సు దగ్గర్నుంచి అందరూ ప్రశ్నలే. నర్సు ఏం చేస్తుంది?

పైగా యాంటీసైకోటిక్ (భ్రమలు, తీవ్ర మానసిక జబ్బులకిచ్చే మందు) వాడితే ఆ శాతం జనం చూసే వెబ్‌సైటులో పడుతుంది, స్టార్లు తగ్గుతాయి. యాంటీడిప్రెసెంట్‌కి ఆ గొడవ లేదు. అందుకే అరిచే పెద్దావిడకి అది తీసేసి ఇది పెడతారు. నేను కళ్లారా చూశాను.

మందులమాస్టారు

గోదారిగాలి గారూ, గొడవ లేదన్న మాట సగమే నిజం. వెబ్‌సైటులో శాతం రాదు, ఒప్పుకుంటాను. కానీ రూల్లో సైకోట్రోపిక్ అంటే నాలుగు రకాలని స్పష్టంగా ఉంది: యాంటీసైకోటిక్, యాంటీడిప్రెసెంట్, ఆందోళన తగ్గించేవి, నిద్రకిచ్చేవి. అవసరం లేని మందులు, మనిషిని కట్టిపడేసే మందులు ఉండకూడదన్న హక్కు 1987 నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం నుంచి వచ్చింది. ఇదివరకు ఇన్‌స్పెక్టర్లు ఈ తప్పుని ఎఫ్758 అనే నంబరు కింద రాసేవాళ్లు. 2025 ఏప్రిల్ చివర్లో కొత్త గైడెన్సు అమల్లోకి వచ్చాక అవసరం లేని సైకోట్రోపిక్ విషయాన్ని ఎఫ్605లోకి, అంటే మందుతో కట్టిపడేయడం అనే శీర్షిక కిందికి చేర్చారు. మందు ఇచ్చేముందు మనిషికి గానీ ఇంటివాళ్లకు గానీ చెప్పారా, వాళ్లు సరేనన్నారా అన్నది కూడా ఇప్పుడు గట్టిగా అడుగుతున్నారు.

మందుకి సరిపడా జబ్బు రాసుకునే అలవాటు ఎక్కడికి తీసుకెళ్తుందో స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక జబ్బు విషయంలో చూశాం. ఆ జబ్బు ఉన్నవాళ్లని యాంటీసైకోటిక్ లెక్కలోంచి మినహాయిస్తారు కదా, ఎనభై ఏళ్లు దాటినవాళ్లకి కొత్తగా ఆ పేరు తగిలించడం మొదలైంది. చివరికి 2023 జనవరిలో సీఎంఎస్ (ఈ హోముల్ని చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) ప్రత్యేకంగా ఆడిట్లు ప్రకటించాల్సొచ్చింది.

నాన్నకూచి (ఎడిసన్)

నేను నర్సుని కాదు, డాక్టరునీ కాదు. ఇది చదివి రాయకుండా ఉండలేకపోయాను.

మా నాన్న హైదరాబాద్ శివార్లలో ఒక సీనియర్ హోంలో ఉంటారు. పేరు చెప్పను. అమ్మ పోయాక ఒక్కరే ఉండలేక తనే వెళ్లారు. పోయినేడు ఉన్నట్టుండి మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం. వీడియో కాల్‌లో నన్ను మా బాబాయి పేరుతో పిలిచారు. అక్కడివాళ్లు "వయసండీ, మతిమరపు మొదలైంది" అన్నారు. నేనూ నమ్మేశాను. నాలుగు రోజుల తర్వాత బాత్రూం దగ్గర పడిపోయారు. ఆసుపత్రిలో చేర్చారు. రక్తపరీక్షలో సోడియం 116, అంటే చాలా తక్కువ.

ఐసీయూలో డాక్టరు ఫోన్లో అడిగారు. "ఈయన ఏం మందులు వాడుతున్నారు?" హోం నుంచి వచ్చిన కాగితం ఫోటో నా దగ్గరుంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

బీపీ మాత్ర – పొద్దున
గ్యాస్ మాత్ర – పొద్దున
నరాల మాత్ర – రాత్రి

అంతే. ఆ నరాల మాత్ర ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు అని తర్వాత తేలింది. నాన్న దిగులుగా ఉంటున్నారని ఎవరో డాక్టరు రాశారట. ఎప్పుడు రాశారో లేదు, ఎవరు రాశారో లేదు, నాకు మాటవరసకైనా చెప్పలేదు. బీపీ మాత్రలో నీళ్లమాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) కలిసి ఉందట. రెండూ కలిసి సోడియం దించేశాయని డాక్టరు చెప్పారు. తొమ్మిది రోజులకు మా నాన్న మళ్లీ మా నాన్నయ్యారు. మతిమరపూ లేదు, ఏమీ లేదు.

నరాల మాత్ర అని రాయడానికి ఎంతసేపు పట్టిందో, అసలు పేరు రాయడానికీ అంతే పట్టేది కదా?

రాత్రిడ్యూటీ

నాన్నకూచి గారూ, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఇప్పుడెలా ఉన్నారు నాన్నగారు?

నాన్నకూచి

బాగున్నారండీ. పొద్దున్నే వాకింగు, సాయంత్రం చదరంగం. హోం మార్చాం. ఈసారి చేరేటప్పుడు నేనే మందుల జాబితా టైపు చేసి గోడకు అంటించమన్నాను.

డాక్టర్_బెజవాడ

సైకియాట్రిస్టుని. "నరాల మాత్ర" అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. సగం తప్పు మాదే. "డిప్రెషన్‌కి మందు ఇస్తున్నాను" అంటే ఇంటివాళ్లు "మా నాన్నకి పిచ్చా?" అని కోపగించుకుని చీటీ చింపేసిన రోజులున్నాయి. అందుకని చాలామంది డాక్టర్లు "నరాల బలానికి" అని చెప్పి పంపేస్తారు. పేషెంటు వేసుకుంటాడు, తగ్గుతుంది. కానీ ఆ అబద్ధం అక్కడితో ఆగదు. ఆశ్రమం పుస్తకంలోకి ఎక్కుతుంది, అక్కడినుంచి ఐసీయూ దాకా వెళ్తుంది.

సోడియం సంగతి నిజం. ఎస్సిటలోప్రామ్ లాంటి ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు పెద్ద వయసులో సోడియం దించుతాయి, ఎక్కువగా మొదలుపెట్టిన మొదటి వారాల్లో. నీళ్లమాత్ర తోడైతే ప్రమాదం ఎక్కువ. కాబట్టి మొదలుపెట్టిన తేదీ రాసి ఉండటం చాలా ముఖ్యం. మూడు వారాల కిందట మొదలైన మాత్ర, మూడేళ్ల నుంచి ఉన్న మాత్ర డాక్టరుకి ఒకటి కాదు. ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందులు ఉంటే రక్తస్రావం చూసుకోవాలి. అదే రకం సిటలోప్రామ్ అయితే 60 దాటినవాళ్లకి రోజుకు 20 మిల్లీగ్రాములు మించొద్దని అమెరికా ఎఫ్‌డీఏ చాలాకాలం కిందటే చెప్పింది. పడిపోవడం సరేసరి.

మన దగ్గర చట్టం అడిగితే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పేషెంటుకి తన చికిత్స గురించి తెలుసుకునే హక్కు ఉంది, మెడికల్ రికార్డు అడిగే హక్కూ ఉంది. పెద్దవాళ్ల పోషణ, సంక్షేమం కోసం వచ్చిన 2007 చట్టం జిల్లాకో వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి చోటు అంటుంది. ఆశ్రమంలో ఇచ్చే మాత్రకు ఇలాంటి రికార్డు ఉండాలని ఆ చట్టంలో లేదు.

ఒక విన్నపం. ఇది చదివి ఎవరూ ఇంట్లో పెద్దవాళ్ల మాత్రలు ఆపేయకండి. ఈ మందులు ఒక్కసారిగా మానేస్తే కళ్లు తిరగడం, వికారం, నిద్ర చెడటం, చిరాకు, కొందరికి పాత దిగులు రెట్టింపై రావడం జరుగుతుంది. రాసిన డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించాలి.

అన్నపూర్ణ_ఆశ్రమం (తెనాలి దగ్గర)

డాక్టరుగారూ, ఆశ్రమం పుస్తకం అన్నారు కాబట్టి నేనూ రాస్తాను. మాది చిన్నది, ముప్పై నాలుగు మంది ఉంటారు. నేను చదివింది డిగ్రీయే, నర్సింగు కాదు.

మా కష్టం వేరే. పిల్లలు అమ్మానాన్నల్ని దింపేటప్పుడు ఒక క్యారీబ్యాగ్‌లో మాత్రలు వేసి ఇస్తారు. షాపువాడు పది మాత్రల స్ట్రిప్పు కత్తిరించి నాలుగిచ్చి ఉంటాడు. మందు పేరు ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది, మా చేతికి వచ్చిన ముక్క మీద "-లైన్ 25" అనో, సగం ఎక్స్‌పైరీ తేదీయో ఉంటుంది. చీటీ ఉండదు. అడిగితే, "అదేనండీ, రాత్రి తెల్లది వేస్తాం, పడుకుంటుంది" అంటారు. తెల్ల మాత్రలు ఎన్నుంటాయండీ లోకంలో?

రెండేళ్ల నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. చీటీ ఉంటేనే చేర్చుకుంటాం. లేకపోతే పిల్లలే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి రాయించుకురావాలి. పొడుగు రిజిస్టరు కొని గీతలు గీశాను. మాత్ర పూర్తి పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎవరు రాశారు, ఎప్పటినుంచి, దేనికోసం, మళ్లీ ఎప్పుడు చూపించాలి. "దేనికోసం" అన్న గడి నింపడానికే ఎక్కువ ఫోన్లు చేయాల్సొచ్చింది. ముగ్గురు పెద్దవాళ్లకి దేనికోసమో ఎవరికీ తెలియలేదు, రాసిన డాక్టరు కూడా ఊరు మారిపోయారు. ఆ ముగ్గురినీ గుంటూరు తీసుకెళ్లి చూపించాం. ఒకరికి కొనసాగించారు, ఒకరికి డోసు తగ్గించారు, మూడో ఆవిడకి డిప్రెషన్ నిజంగానే ఉంది గానీ ఇచ్చే డోసు చాలదన్నారు. పెంచాక ఇప్పుడు భజనలో ముందు కూర్చుంటోంది. అంటే రాసుకోవడం మందులు తీసేయడానికే కాదు.

మందులమాస్టారు

అమ్మా, మీ రిజిస్టరులో ఒక్క గడి కలపండి: "వేశాక ఏం మారింది". మిగతావన్నీ అమెరికా ఫారం కంటే బాగున్నాయి. హాస్యానికి కాదు, నిజంగానే అంటున్నాను.

లీడ్స్_లీలమ్మ (ఇంగ్లండ్)

ఇక్కడ కేర్ హోముల్లో మార్ చార్ట్ ఉంటుంది, ప్రతి మాత్రకీ సంతకం. వద్దన్నారా, నిద్రపోతున్నారా, ఆసుపత్రిలో ఉన్నారా, అన్నిటికీ కోడ్ అక్షరాలు. ఇచ్చారా లేదా అన్నది నూటికి నూరుపాళ్లు తెలుస్తుంది. ఎందుకిచ్చారన్నది జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర ఉంటుంది, మా దగ్గర ఉండదు. కొత్తగా వచ్చిన నర్సుకి ఏడాది పట్టేది ఎవరికి ఏది ఎందుకో తెలియడానికి.

మతిమరపు ఉన్నవాళ్ల విషయంలో ఇక్కడ చికిత్సల మీద సలహాలిచ్చే నైస్ అనే సంస్థ గైడ్‌లైన్ 2018లో చెప్పింది ఇది: డిమెన్షియా, డిప్రెషన్ రెండూ ముదరని దశలో ఉన్నవాళ్లకి, ముందునుంచి తీవ్రమైన మానసిక జబ్బు లేకపోతే, యాంటీడిప్రెసెంట్ మామూలుగా మొదలుపెట్టొద్దు అని. దాని వెనక ఇంగ్లండ్‌లోనే జరిగిన ట్రయల్ ఉంది. 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 326 మంది డిమెన్షియా ఉన్నవాళ్లలో సెర్ట్రలిన్, మిర్టజపిన్, ఉత్తి మాత్ర, మూడిట్లో ఏదో ఒకటి ఇచ్చి చూశారు. పదమూడు వారాలకు మూడు గుంపుల్లోనూ డిప్రెషన్ స్కోరు దాదాపు ఒకేలా తగ్గింది. మందు తీసుకున్నవాళ్లకి సైడ్ ఎఫెక్టులు మాత్రం ఎక్కువ.

గోదారిగాలి

లీలమ్మక్కా, అంటే ఉత్తి మాత్ర ఇచ్చినా తగ్గిందన్నమాట. వాళ్లని వారం వారం ఎవరో వచ్చి "ఎలా ఉన్నారు" అని అడిగారు కాబట్టేమో.

డాలస్_కోడలు

అడగడం గురించి వచ్చింది కాబట్టి మా అత్తయ్య సంగతి చెప్పాలి.

అత్తయ్యకి ఎనభై ఒకటి. వీసా మీద వచ్చి గ్రీన్‌కార్డు తీసుకున్నారు. పోయిన వేసవిలో స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, ఇంట్లో ఎత్తి పడుకోబెట్టలేక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. ఆవిడకు ఇంగ్లీషు రాదు. మూడు వారాలకు ఫోన్ వచ్చింది: "మీ అత్తగారికి డిప్రెషన్ ఉంది, సెర్ట్రలిన్ మొదలుపెడతాం, ఒప్పుకుంటారా?" ఎలా తెలిసిందన్నాను. ఇంటర్వ్యూ చేశాం, స్కోరు 14 వచ్చిందన్నారు. తెలుగు ఎవరికొచ్చని అడిగితే ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్ అన్నారు.

తర్వాతి సారి ఇంటర్వ్యూకి నేను పక్కన కూర్చున్నాను. నోరు మెదపొద్దన్నారు, మెదపలేదు. ఫోన్‌లో అబ్బాయి ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లాడిలా ఉన్నాడు. మొదటి ప్రశ్న: "పనులు చేయడంలో ఆసక్తి తక్కువగా ఉందా?" అత్తయ్య: "ఇక్కడ నాకేం పనులున్నాయి బాబూ? అన్నీ వీళ్లే చేస్తారు." నర్సు రాసుకుంది. రెండోది: "కిందికి పడినట్టు అనిపిస్తోందా?" అత్తయ్య నా వైపు చూసి, "మంగళవారం బాత్రూంలో పడబోయాను, ఈ పిల్లే పట్టుకుంది" అంది. అది కూడా రాసుకుంది! ఆకలి అడిగితే, "రోజూ ఆ చప్పిడి మాంసం ముద్దలు ఎవరు తింటారు?" అంది. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక నీసు ముట్టలేదు. "దాదాపు ప్రతిరోజూ ఆకలి లేదు", 3 మార్కులు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను.

రాత్రిడ్యూటీ

అమ్మో. మా వాళ్లు కూడా ఇలాగే చేస్తున్నారేమోనని భయమేస్తోంది.

తెలియనివాళ్ల కోసం: ఆ ఇంటర్వ్యూ పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఎన్ని రోజులని ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే ఓ మాదిరి లేదా అంతకంటే ఎక్కువ డిప్రెషన్ కింద చూస్తారు. 2023 నుంచి ముందు రెండు ప్రశ్నలడిగి, వాటిలో ఏదైనా ఎక్కువ రోజులుంటేనే మిగతావి అడుగుతాం. అంటే మీ అత్తగారి "పనులు", "పడటం" అన్న రెండు జవాబులే తలుపు తెరిచేశాయి. మాట్లాడలేనివాళ్లకి స్టాఫ్ చూసి నింపే ఇంకో ఫారం ఉంది. "ఇంగ్లీషు రాదు" అంటే "మాట్లాడలేరు" కాదు. కానీ చాలాచోట్ల బద్ధకానికి అదే నింపేస్తారు.

డాక్టర్_బెజవాడ

కోడలమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఒక మాట, కోప్పడకండి. స్కోరు తప్పయినంత మాత్రాన మందు తప్పు కాకపోవచ్చు. స్ట్రోక్ తర్వాత మూడింట ఒక వంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తుంది. కుడి చెయ్యి పోయి, దేశం కాని దేశంలో, భాష తెలియని గదిలో పడుకున్న ఎనభై ఏళ్ల మనిషికి దిగులు లేదంటేనే ఆశ్చర్యపోతాను. ఆవిడ ఏడుస్తున్నారా? రాత్రి మూడింటికి లేచి కూర్చుంటున్నారా? "నన్ను దేవుడు ఇంకా ఎందుకు తీసుకెళ్లడు" అంటున్నారా?

డాలస్_కోడలు

మూడోది అంటున్నారు డాక్టరుగారూ. రోజూ. మా ఆయనకి చెప్పలేదు.

డాక్టర్_బెజవాడ

అయితే అది చార్టులోకి ఎక్కాలి, తెలుగులో ఆవిడ అన్న మాట అన్నట్టుగానే. మన పెద్దవాళ్లు ఆ మాట ఊతపదంలా కూడా అంటారు, నిజంగానూ అంటారు. రెండిటికీ తేడా తెలిసేది భాష తెలిసినవాళ్లు ఎదురుగా కూర్చుని ఇంకో నాలుగు మాటలడిగితేనే. రేపే అక్కడి నర్సుకి చెప్పండి, ఫలానా మాట ఫలానా రోజు నుంచి రోజూ అంటోందని. తేదీ వేయమనండి. మీ ఆయనకీ చెప్పండి. పీహెచ్‌క్యూ-9కి తెలుగు అనువాదం ఉంది, ఫోన్‌లో అబ్బాయి అప్పటికప్పుడు అల్లాల్సిన పని లేదు.

గోదారిగాలి

డాక్టరుగారితో ఏకీభవిస్తాను. నేను ఇందాక కాస్త విసురుగా రాశాను. కానీ నా బాధ ఇదే: ఇవన్నీ రాయడానికి పట్టే టైముని ఆ మనిషి మంచం పక్కన గడిపితే సగం మాత్రలు అక్కర్లేదేమో. ఎనిమిది గంటల షిఫ్టులో నాలుగు గంటలు కంప్యూటరు ముందే ఉంటున్నాం.

లీడ్స్_లీలమ్మ

నిజమే తమ్ముడూ. కానీ నువ్వు మంచం పక్కన కూర్చుని విన్నది నీతోనే ఇంటికి వెళ్లిపోతుంది. రాత్రి డ్యూటీకి వచ్చిన అమ్మాయికి ఎలా తెలుస్తుంది? నేను పేజీలు రాయను. రెండు లైన్లు రాస్తాను, ఆ మనిషి కనపడేలా. "మూడ్ స్టేబుల్" అని మాత్రం చచ్చినా రాయను. దానర్థం ఎవరికీ తెలియదు, రాసినవాళ్లకి కూడా.

మందులమాస్టారు

రాత్రిడ్యూటీ గారి అసలు ప్రశ్నకి తిరిగొస్తాను, ఇంకో మెలిక ఉంది. డోసు తగ్గించి చూడటం. రూలు ప్రకారం సైకోట్రోపిక్ మీద చేరినా, చేరాక మొదలుపెట్టినా, మొదటి ఏడాదిలో రెండు వేర్వేరు త్రైమాసికాల్లో తగ్గించే ప్రయత్నం చేయాలి, రెండు ప్రయత్నాల మధ్య కనీసం నెల ఎడం ఉండాలి. తర్వాత ఏడాదికోసారి. తగ్గించడం ఆ మనిషికి మంచిది కాదని డాక్టరు అనుకుంటే మానేయొచ్చు, కానీ ఎందుకో రాయాలి. నేను రివ్యూలో తగ్గించి చూడమని రాస్తే, చాలామంది డాక్టర్లు "తగ్గించడం తగదు" అని ఒక రబ్బరు స్టాంపు కొట్టి పంపేస్తారు. ఆ పెద్దాయన మూడేళ్ల ఫైల్లో అలాంటి స్టాంపులు ఎన్నున్నాయో చూడండి.

రాత్రిడ్యూటీ

నాలుగు. లెక్కపెట్టాను మాస్టారూ. నాలుగిట్లోనూ ఒకే వాక్యం.

రాత్రిడ్యూటీ (ఆరు వారాల తర్వాత)

అందరికీ అప్‌డేట్ ఇవ్వాలి.

పెద్దాయన నిద్ర సంగతి చూద్దామని ఒక వారం రాత్రులు గంటగంటకీ రాయించాను, పాత స్నేహితురాళ్లు రాత్రి డ్యూటీలో ఉన్నారు కాబట్టి ఒప్పుకున్నారు. ఏడున్నరకే పడుకోబెట్టేస్తున్నారు. ఆయన లారీ నడిపిన మనిషి, జీవితంలో పదకొండుకి ముందు పడుకోలేదట. పైగా నీళ్లమాత్ర సాయంత్రం అయిదింటికి ఇస్తున్నాం. దాంతో ఒంటిగంటకీ మూడింటికీ లేస్తున్నారు. అయిదింటికి రక్తం తీయడానికొచ్చి లైటు వేస్తున్నారు. ఇన్ని చేసి, నిద్ర పట్టడంలేదని మూడేళ్లు ట్రాజొడోన్ మింగించాం.

డాక్టరుగారితో మాట్లాడాం. నీళ్లమాత్ర పొద్దుటికి మార్చారు. పడకా పదింటికి మార్చాం, ఆలోపు బేస్‌బాల్ చూస్తారు. కారణం గడిలో డిప్రెషన్ తీసేసి నిద్రలేమి పెట్టారు, ట్రాజొడోన్ 25కి దించారు. చార్టులో నేను రాసింది ఇక్కడ తెలుగులో పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి:

"డోసు తగ్గించి 14వ రోజు. గత వారం రాత్రికి సగటున ఆరు గంటలు నిద్ర, లేవడం ఒక్కసారి. పగలు కునికిపాట్లు లేవు. పడలేదు. భోజనం ముప్పాతిక వంతు. 'మాత్ర తగ్గించారని నాకు తెలియనే తెలియదు' అన్నారు. కూతురికి ఫోన్ చేసి చెప్పాం, సరేనన్నారు. మళ్లీ చూసేది రెండు వారాల తర్వాత."

మందులమాస్టారు

తప్పుల్లేవు. ఒక్కటి. తగ్గిస్తున్నట్టు ఆయనకి ముందు చెప్పారా? "తెలియనే తెలియదు" అన్న మాట ఇన్‌స్పెక్టరు చదివితే మొదట అడిగేది అదే.

రాత్రిడ్యూటీ

అయ్యో. కూతురికి చెప్పాం, ఆయనకి చెప్పలేదు. సోమవారం వెళ్లి చెప్తాను.

డాలస్_కోడలు

మా అత్తయ్య విషయం. ఈసారి తెలుగు ఫారం ప్రింటు తీసుకెళ్లాను, తెలుగొచ్చిన నర్సు ప్రాక్టీషనర్ ఒకావిడ వేరే బ్రాంచి నుంచి వచ్చి అడిగారు. స్కోరు 11. తగ్గింది గానీ డిప్రెషన్ ఉంది, డాక్టరుగారు చెప్పినట్టే. మందు కొనసాగిస్తున్నాం, సోడియం కూడా చూశారు, బాగుంది. వంటవాళ్లకి చెప్పి అన్నం, పెరుగు ఇప్పిస్తున్నాం, నేను వారానికి రెండుసార్లు చారు పట్టుకెళ్తున్నాను. మా ఆయన రోజూ వెళ్తున్నారు ఇప్పుడు.

ఒక సహాయం కావాలి. ఆ హోమ్‌వాళ్లు తెలుగు పేషెంట్ల కోసం మామూలు మాటల జాబితా ఒకటి రాసిమ్మన్నారు. ఫారం ప్రశ్నలు మార్చరు, అది ఫారంలో ఉన్నట్టే చదవాలి. రోజూ పలకరించేటప్పుడు వాళ్ల నోట ఏ మాట వస్తే చెవి ఒగ్గాలో తెలియడానికట. నేను "దిగులు", "బెంగ", "మనసు బాగోలేదు", "విసుగు" రాశాను. ఇంకా?

అన్నపూర్ణ_ఆశ్రమం

"గుండె బరువుగా ఉంది" రాయమ్మా. ఈసీజీ తీసేస్తారు లేకపోతే.

కరీంనగర్_కవిత

మొదటిసారి రాస్తున్నా, ఇన్ని రోజులు చదువుతూనే ఉన్నా. మా దిక్కు పెద్దమనుషులు దిగులు అనరు అక్కా. "రంది పెట్టుకున్న" అంటరు. భయం కలిసిందైతే "బుగులైతుంది" అంటరు. మా నాయినమ్మ అయితే ఏదీ అనకపోయేది, "మనసున పడ్తలేదు" అని అన్నం ప్లేటు పక్కకు జరిపేది.

డాలస్_కోడలు

రంది, బుగులు. రాసుకున్నాను కవితా. సీమవాళ్లెవరైనా ఉన్నారా?

కడపబ్బాయి

"యాష్టకొచ్చింది" అంటే విసుగొచ్చిందని. కానీ జాగ్రత్తక్కా, మా జేజికి కాఫీలో చక్కెర తక్కువైనా యాష్టకొచ్చేది.